ఉద్యానవన నిర్మాణ సంస్థలకు బీమా రక్షణ: ఎంపికలో గమనించవలసిన అంశాలు

నగరాలలోని నివాస సముదాయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, రహదారుల మధ్య భాగాలు, పారిశ్రామిక వాడలు పచ్చదనంతో కళకళలాడడం వెనుక ఎందరో శ్రామికుల కృషి ఉన్నది. ల్యాండ్‌స్కేపింగ్ అని వ్యవహరింపబడే ఈ ఉద్యానవన నిర్మాణ రంగానికి తెలుగు నాట బలమైన పునాది కలదు. రాజమహేంద్రవరం సమీపాన గల కడియం, కడియపులంక గ్రామాల నర్సరీల నుంచి పూలమొక్కలు, అలంకరణ మొక్కలు, నీడనిచ్చే చెట్లు దేశం నలుమూలలకు తరలి వెళ్ళుచున్నవి. మొక్కలు పెంచి అమ్మిన కుటుంబాలవారే క్రమంగా తోటల రూపకల్పన, పచ్చిక పరచుట, నీటి గొట్టాల ఏర్పాటు, ఏడాది పొడవునా నిర్వహణ వంటి పనులను కాంట్రాక్టుపై చేపట్టుచున్నారు.

వ్యాపారం విస్తరించిన కొలది నష్టభయం కూడ పెరుగుతుంది. కొబ్బరి చెట్టు శుభ్రం చేయుచు కూలీ జారిపడవచ్చును. కొమ్మలు నరకునపుడు విద్యుత్ తీగ తగలవచ్చును. గడ్డి కోసే యంత్రం నుంచి ఎగిరిన రాయి బాటసారి కంటికి తగలవచ్చును. ఒక్క తుపాను రాత్రి షేడ్‌నెట్లను, వాటి క్రింద ఉన్న మొక్కలను నేలమట్టం చేయవచ్చును. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను ఏ విధంగా కూల్చివేసినదీ ప్రజలకు నేటికీ గుర్తే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నందువలన ప్రయోజనం ఉండదు. కనుక ఏ ప్రమాదానికి ఏ పాలసీ వర్తించును, ఏది వర్తించదు అను విషయమై సంస్థల యజమానులు ముందుగానే అవగాహన కలిగి ఉండుట అవసరం.

శ్రామికుల పట్ల బాధ్యత ప్రథమం

తీసుకోవలసిన పాలసీలన్నింటిలో ముందు వరుసన నిలిచేది ఉద్యోగుల నష్టపరిహార పాలసీ. పనిలో ఉండగా, పని కారణంగా శ్రామికుడు మరణించినా, అంగవైకల్యం పొందినా నష్టపరిహారం చెల్లించవలసిన బాధ్యతను చట్టం యజమానిపై ఉంచినది. పాలసీ ఉన్నా లేకున్నా ఈ బాధ్యత తప్పదు. పాలసీ ఉంటే ఆ భారం బీమా సంస్థ వహించును. లేకుంటే యజమాని ఇల్లు, పొలం అమ్మి చెల్లించవలసి వచ్చును. యజమాని చెల్లించలేని స్థితిలో ఉంటే మరణించిన కూలీ కుటుంబం వీధిన పడును.

1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం 2010 జనవరి 18 నుంచి ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా పేరు మార్చుకొన్నది. ప్రస్తుతం ఈ నిబంధనలు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతి, 2020లో భాగమైనవి. నివాసం నుంచి పని స్థలానికి వచ్చుచు గాని, పని ముగించి తిరిగి వెళ్ళుచు గాని జరిగిన ప్రమాదం కూడ, ఉద్యోగంతో దానికి సంబంధం నిరూపితమైనపుడు, పనిలో జరిగినదిగానే ఈ స్మృతి పరిగణించుచున్నది. పాత పాలసీ పత్రాలలో 1923 చట్టం పేరు మాత్రమే ఉన్నట్లయితే, కొత్త స్మృతి క్రింద ఏర్పడే బాధ్యతకు కూడ రక్షణ వర్తించునని బీమా సంస్థ నుంచి లిఖితపూర్వకంగా పొందుట శ్రేయస్కరం.

నష్టపరిహారం ఎంత ఉంటుందో తెలిసిననాడు పాలసీ విలువ బోధపడుతుంది. మరణం సంభవించినపుడు నెల వేతనంలో 50 శాతాన్ని, వయస్సును బట్టి నిర్దేశించిన గుణకంతో హెచ్చించవలెను. శాశ్వత సంపూర్ణ అంగవైకల్యమునకు 60 శాతాన్ని హెచ్చించవలెను. 2020 జనవరి 3 నాటి ప్రకటన ప్రకారం లెక్కకు తీసుకొనే నెల వేతన గరిష్ఠ పరిమితి 15,000 రూపాయలు. 30 సంవత్సరాల వయస్సుకు గుణకం 207.98. నెలకు 15,000 రూపాయలు పొందే 30 ఏళ్ళ తోటమాలి మరణిస్తే 7,500ను 207.98తో హెచ్చించగా 15,59,850 రూపాయలు వచ్చును. శాశ్వత సంపూర్ణ అంగవైకల్యమైతే ఇదే లెక్కన 18,71,820 రూపాయలు. అయిదారుగురు కూలీలతో పనిచేసే చిన్న సంస్థకు ఇది మోయలేని భారం.

పరిహారం చెల్లించవలసిన నాటి నుంచి నెల రోజులలో చెల్లించనిచో 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకుండా జాప్యం చేసినచో పరిహారంలో 50 శాతం వరకు అపరాధ రుసుము కూడ పడవచ్చును. సాధారణంగా బీమా సంస్థలు ఈ అపరాధ రుసుమును భరించవు. అందువలన ప్రమాదం జరిగిన వెంటనే బీమా సంస్థకు తెలియజేయుట యజమాని బాధ్యత.

ఈ పాలసీ తీసుకొనునపుడు మూడు విషయాలలో జాగ్రత్త వహించవలెను. మొదటిది, వేతనాల ప్రకటన. ప్రీమియం మొత్తం వేతనాలపై ఆధారపడి ఉండును. ప్రీమియం తగ్గించుకొనుటకు 20 మంది ఉన్నచోట 8 మందిని మాత్రమే చూపినచో, ప్రమాదం జరిగిన నాడు వివాదం తప్పదు. రెండవది, మేస్త్రీ ద్వారా వచ్చే కూలీలు. ఉప కాంట్రాక్టరు తెచ్చిన కూలీకి ప్రమాదం జరిగినా, పని అప్పగించిన ప్రధాన యజమాని నుంచి పరిహారం కోరుటకు చట్టం వీలు కల్పించుచున్నది. ఆయన తరువాత ఉప కాంట్రాక్టరు నుంచి దానిని రాబట్టుకొనవచ్చును. కనుక ఉప కాంట్రాక్టరు కూలీలను కూడ అదనపు ప్రీమియంతో పాలసీలో చేర్చవలెను. మూడవది, వైద్య ఖర్చులు. మూల పాలసీలో ఇవి ఏ మేరకు చేరి ఉన్నవో చూచి, చాలనిచో ఆ మేరకు పొడిగింపు కోరవలెను.

పది మంది లేదా అంతకు మించి ఉద్యోగులు ఉన్న సంస్థలకు ఉద్యోగుల రాజ్య బీమా, అనగా ఈఎస్ఐ, వర్తించును. 2017 జనవరి 1 నుంచి దీని వేతన పరిమితి నెలకు 21,000 రూపాయలు. 2019 జూలై 1 నుంచి యజమాని వాటా వేతనంలో 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఈఎస్ఐలో చేరిన ఉద్యోగికి పని ప్రమాదాల ప్రయోజనాలు ఆ పథకం నుంచే లభించును. అదే ప్రమాదానికి యజమాని నుంచి వేరుగా పరిహారం కోరుటకు వీలుండదు. కావున ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారిని, లేనివారిని వేరు చేసి, లేనివారికి మాత్రమే పాలసీ తీసుకొన్నచో ప్రీమియం ఆదా అగును.

ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు అందించే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుంచి 70 సంవత్సరాల వయస్సు గల ప్రతి కూలీని వారి బ్యాంకు ఖాతా ద్వారా చేర్పించుట మంచిది. అయితే ఇది కూలీ కుటుంబానికి అదనపు ఆసరా మాత్రమే. యజమానిపై గల చట్టబద్ధ బాధ్యతకు ఇది ప్రత్యామ్నాయం కానేరదు.

బయటివారికి కలిగే నష్టం

సంస్థ పని వలన బాటసారులకు, పొరుగువారికి, పని ఇచ్చిన యజమాని ఆస్తికి నష్టం కలిగినపుడు అక్కరకు వచ్చేది ప్రజా బాధ్యత పాలసీ. దీనిని 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టంతో పొరబడరాదు. ఆ చట్టం ప్రమాదకర పదార్థాలను నిర్దేశిత పరిమాణానికి మించి నిర్వహించే సంస్థలకు సంబంధించినది. సాధారణ ఉద్యానవన సంస్థ తీసుకోవలసినది బీమా సంస్థలు ఇచ్చే సాధారణ ప్రజా బాధ్యత పాలసీ. ఇది చట్టరీత్యా తప్పనిసరి కాకపోయినను, పెద్ద సముదాయాలు, కంపెనీలు పని అప్పగించే ముందు దీనిని కోరుట పరిపాటి.

ఈ పాలసీలో రెండు పరిమితులు ఉండును. ఒకటి ఏదేని ఒక ప్రమాదానికి, రెండవది ఏడాది మొత్తానికి. పాలసీ 20 లక్షల రూపాయలకు ఉన్నను, నిష్పత్తి 1:4గా ఉన్నచో ఒక ప్రమాదానికి లభించేది 5 లక్షలు మాత్రమే. ఒకే ప్రమాదం వలన పెద్ద నష్టం జరుగుటకు ఆస్కారమున్న ఈ వృత్తిలో 1:1 నిష్పత్తి మేలు.

మినహాయింపులను కూడ శ్రద్ధగా చదువవలెను. సంస్థ స్వాధీనంలో ఉంచుకొన్న ఇతరుల వస్తువులకు, క్రమంగా వ్యాపించే కాలుష్యానికి, కాంట్రాక్టులో అదనంగా ఒప్పుకొన్న బాధ్యతలకు సాధారణంగా రక్షణ ఉండదు. పిచికారీ చేసిన పురుగుమందు గాలికి కొట్టుకొనిపోయి ప్రక్కనున్న చేపల చెరువులో పడినచో, ఆ నష్టం పాలసీ పరిధిలోకి వచ్చునా అని ముందే అడిగి, ఆకస్మిక కాలుష్యానికి పొడిగింపు పొందవలెను. నాటిన మొక్కలు చనిపోయినచో తిరిగి నాటవలెనన్న షరతు వ్యాపార బాధ్యత. దానిని ప్రజా బాధ్యత పాలసీ తీర్చదు. తోటల నమూనాలు గీచి సలహాలిచ్చే సంస్థలు, సలహాలోని లోపం వలన కలిగే నష్టాలకు వృత్తిపర బాధ్యత పాలసీని ప్రత్యేకంగా తీసుకొనవలెను.

భూమిలోని తీగలు, గొట్టాలు

గుంటలు తవ్వునపుడు విద్యుత్ కేబుళ్ళు, టెలిఫోను తీగలు, మంచినీటి గొట్టాలు తెగుట తరచుగా జరిగే నష్టం. తవ్వకానికి ముందు వాటి ఉనికిని గురించి సంబంధిత శాఖల నుంచి విచారించి ఉంటేనే ఈ నష్టాన్ని భరించునట్లు పాలసీలలో షరతు ఉండుట సాధారణం. 2023 మార్చి 22న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ మొబైల్ యాప్ ద్వారా తవ్వకం వివరాలను ముందుగా సంబంధిత సంస్థలకు తెలియజేయవచ్చును. అట్లు తెలియజేసిన ఆధారం క్లెయిము సమయంలో ఎంతో ఉపకరించును.

నడక దారులు, ఫౌంటెన్లు, ప్రహరీ గోడలు, మండపాలు వంటి నిర్మాణాలు కలసి ఉన్న పనులకు కాంట్రాక్టర్ల ఆల్ రిస్క్ పాలసీ అనువైనది. పని పూర్తయిన తరువాత నిర్వహణ కాలానికి కూడ దీనిని పొడిగించుకొనవచ్చును. సొంత తవ్వకపు యంత్రాలు, చెట్లను ఎత్తి నాటే క్రేన్లు ఉన్నవారు యంత్ర సామగ్రి పాలసీ తీసుకొనవలెను. యంత్రాన్ని అద్దెకు తెచ్చినపుడు బీమా ఎవరి పేర ఉన్నది, ప్రమాదానికి బాధ్యత ఎవరిది అను అంశాన్ని అద్దె పత్రంలో స్పష్టంగా వ్రాసుకొనవలెను.

వాహనాలు, కూలీల రవాణా

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షను ప్రకారం బహిరంగ ప్రదేశంలో తిరిగే ప్రతి వాహనానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ట్రాక్టరుకు బీమా ఉన్నంత మాత్రాన ట్రక్కుకు ఉన్నట్లు కాదు. ట్రక్కును కూడ పాలసీలో చేర్చవలెను. వ్యవసాయ అవసరానికి బీమా చేయించిన ట్రాక్టరును కాంట్రాక్టు పనికి మట్టి, ఎరువు తోలుటకు వినియోగించినచో పాలసీ షరతు ఉల్లంఘించినట్లగును.

మొక్కల లోడుపై కూలీలను కూర్చోబెట్టి పంపుట ఈ రంగంలో నిత్యం కానవచ్చే దృశ్యం. సరుకుల వాహనంలో ఉచితంగా ఎక్కించుకొన్న ప్రయాణికులకు నష్టపరిహారం చెల్లించవలసిన బాధ్యత బీమా సంస్థకు లేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. కనుక సరుకు వాహనంలో మనుషులను ఎక్కించుట మానివేయవలెను. లోడింగు, అన్‌లోడింగు కోసం వాహనంతో వెళ్ళే సొంత కూలీల విషయంలో, వాహనంలో అనుమతించిన సంఖ్యకు మించకుండా, వారి పట్ల గల చట్టబద్ధ బాధ్యతకు అదనపు ప్రీమియం చెల్లించి పాలసీలో పేర్కొనునట్లు చూడవలెను.

దూర ప్రాంతాలకు పంపే మొక్కలు

లారీ సంస్థ ద్వారా మొక్కలు పంపునపుడు నష్టమంతా రవాణాదారుడే భరించునని పలువురు భావించుచుందురు. ఇది వాస్తవం కాదు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని నియమాల ప్రకారం సరుకు విలువ అధికంగా ఉన్నట్లు ముందుగా ప్రకటించి అదనపు రుసుము చెల్లించి ఉంటే తప్ప, రవాణాదారుని బాధ్యత కిరాయికి పది రెట్లకు పరిమితం. కిరాయి 15,000 రూపాయలైతే లభించేది గరిష్ఠంగా 1,50,000 రూపాయలు. లారీలోని మొక్కల విలువ 6 లక్షలైతే మిగిలిన 4,50,000 రూపాయలు నర్సరీ యజమాని నష్టపోవలసినదే. బుకింగు తేదీ నుంచి 180 రోజులలో లిఖితపూర్వక నోటీసు ఇవ్వనిచో దావా వేసే అవకాశం కూడ ఉండదు.

ఈ లోటును తీర్చేది రవాణా బీమా. అయితే ఆలస్యం వలన కలిగిన నష్టానికి, సరుకు సహజ స్వభావం వలన కలిగిన నష్టానికి ఇందులో చెల్లింపు ఉండదు. లారీ బోల్తాపడి మొక్కలు నలిగిపోతే క్లెయిము వచ్చును. రోడ్డుపై రెండు రోజులు నిలిచిపోయి మొక్కలు వాడిపోతే రాదు. ఈ తేడా తెలియక నిరాశ చెందేవారు కలరు.

నర్సరీ, గిడ్డంగి, సామగ్రి

కార్యాలయం, గిడ్డంగి, పనిముట్లు, ఎరువుల నిల్వలకు అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం మొదలగు వాటి నుంచి రక్షణకు 2021 ఏప్రిల్ 1 నుంచి రెండు ప్రామాణిక పాలసీలు అందుబాటులో ఉన్నవి. ఒకే ప్రదేశంలోని ఆస్తుల మొత్తం విలువ 5 కోట్ల రూపాయల వరకు ఉన్న సంస్థలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా, 5 కోట్లకు మించి 50 కోట్ల వరకు ఉన్నవారికి భారత్ లఘు ఉద్యమ్ సురక్షా వర్తించును. బీమా చేయించిన మొత్తం అసలు విలువ కంటె 15 శాతం వరకు తగ్గినను క్లెయిములో కోత విధించకుండుట వీటిలోని విశేషం.

అంతకు మించి తక్కువ చూపినచో కోత తప్పదు. ఉదాహరణకు, 40 లక్షల రూపాయల సరుకును 20 లక్షలకు మాత్రమే బీమా చేయించినచో, 10 లక్షల నష్టం జరిగినపుడు లభించేది 5 లక్షలే.

పెరుగుచున్న మొక్కల విషయం వేరు. గిడ్డంగి పాలసీలో ‘సరుకు’ అని వ్రాసినంత మాత్రాన నేలలోను, కుండీలలోను ఉన్న సజీవ మొక్కలు చేరినట్లు భావించరాదు. వాటికి ఉద్యాన పంటల లేదా పూలతోటల బీమా ఏ షరతులతో లభించునో బీమా సంస్థలను విచారించి, మొక్కల రకం, సంఖ్య, విలువ పాలసీలో వ్రాయించుకొనవలెను. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన అధిసూచిత ప్రాంతాలలోని అధిసూచిత పంటలకు మాత్రమే వర్తించునని గమనించవలెను.

సంస్థ స్థాయిని బట్టి ప్రాధాన్యత

కొద్దిమంది కూలీలతో ఇళ్ళ తోటలు చూచే సంస్థకు ఉద్యోగుల నష్టపరిహార పాలసీ, వాహన బీమా ముందుగా అవసరం. తరువాత చిన్న మొత్తానికైనా ప్రజా బాధ్యత పాలసీ తీసుకొనవలెను. నివాస సముదాయాలు, కార్యాలయాల నిర్వహణ చేపట్టేవారు ప్రజా బాధ్యత పరిమితిని పెంచుకొని, ఆస్తుల పాలసీని జోడించవలెను. టెండర్ల ద్వారా పెద్ద పనులు చేసేవారు టెండరు పత్రంలో కోరిన పాలసీలు, మొత్తాలు, కాలపరిమితి పరిశీలించి, ఆ ప్రీమియంను పని అంచనాలోనే చేర్చుకొనవలెను.

కనీసం రెండు మూడు సంస్థల నుంచి వివరాలు తెప్పించుకొని పోల్చవలెను. ప్రీమియం ఒక్కటే కొలబద్ద కారాదు. ప్రతి క్లెయిములోను పాలసీదారు స్వయంగా భరించవలసిన మొత్తం ఎంత, మినహాయింపులు ఏమిటి, నిర్ణీత ఎత్తుకు మించి చెట్లెక్కే పనికి, యంత్ర రంపాల వినియోగానికి రక్షణ ఉన్నదా అని చూడవలెను. ప్రతిపాదన పత్రాన్ని ఏజెంటుకు ఖాళీగా సంతకం చేసి ఇవ్వరాదు. అందులో చేసే పనులన్నింటిని దాచకుండా వ్రాయవలెను. బీమా చట్టం, 1938లోని 64 వి.బి. సెక్షను ప్రకారం ప్రీమియం ముందుగా అందినపుడే రక్షణ ఆరంభమగును. చెక్కు చెల్లకపోయినచో పాలసీ చేతిలో ఉన్నను ప్రయోజనం శూన్యం.

క్లెయిము, ఫిర్యాదులు

ప్రమాదం జరిగిన వెంటనే బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. మరణం, తీవ్ర గాయం, దొంగతనం, వాహన ప్రమాదాలలో పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. నష్టం మరింత పెరగకుండ చర్యలు తీసుకొనవలెను గాని, సర్వేయరు పరిశీలించే వరకు దెబ్బతిన్న సామగ్రిని, మొక్కలను తొలగించరాదు. ఫొటోలు, హాజరు పట్టిక, వేతనాల రిజిస్టరు, కొనుగోలు బిల్లులు, మొక్కల నిల్వ పుస్తకం సిద్ధంగా ఉంచవలెను. బాధితునితో బీమా సంస్థ అనుమతి లేకుండా రాజీ ఒప్పందం చేసుకొనరాదు. ప్రథమ చికిత్సకు, ఆసుపత్రికి తరలించుటకు మాత్రం ఎవరి అనుమతి కోసమూ వేచి ఉండనవసరం లేదు.

క్లెయిము తిరస్కరింపబడినచో మొదట బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి వ్రాయవలెను. హైదరాబాదు కేంద్రంగా పనిచేయుచున్న బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థకు చెందిన బీమా భరోసా పోర్టల్‌లోను, 155255 టోల్ ఫ్రీ నంబరులోను ఫిర్యాదు నమోదు చేయవచ్చును. నెల రోజులలో సమాధానం రానిచో, లేక సమాధానం తృప్తికరంగా లేనిచో, ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు ఈ కార్యాలయం హైదరాబాదులో కలదు. వ్యాపార పాలసీల విషయంలో ఏక యజమాన్య సంస్థలకు, సూక్ష్మ సంస్థలకు ఈ అవకాశం ఉన్నది. 2025 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడి 2.5 కోట్లు, వార్షిక టర్నోవరు 10 కోట్ల రూపాయలకు మించని సంస్థలు సూక్ష్మ సంస్థలుగా పరిగణింపబడుచున్నవి. అందువలన ఉద్యమ్ రిజిస్ట్రేషను పొంది ఉండుట ఈ విధంగా కూడ ప్రయోజనకరం. వ్యాపార సంస్థ తీసుకొన్న బీమా పాలసీపై వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించుటకు అడ్డంకి లేదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసినది.

ఏటా పాలసీ పునరుద్ధరించునపుడు పెరిగిన కూలీల సంఖ్య, కొత్త యంత్రాలు, కొత్తగా చేపట్టిన పనులు నమోదు చేయించవలెను. గడువు ముగిసిన మరునాడు జరిగిన ప్రమాదానికి ఏ పాలసీ అక్కరకు రాదు. తలపాగాలు, చేతి తొడుగులు, నడుముకు తాడు, పిచికారీ సమయంలో ముఖానికి రక్షణ వంటివి సమకూర్చి ప్రమాదం జరగకుండ చూచుట యజమాని మొదటి కర్తవ్యం కాగా, జరిగిన నాడు శ్రామికుని కుటుంబం నష్టపోకుండ చూచుట రెండవ కర్తవ్యం. సరియైన బీమా పాలసీ ఈ రెండవ కర్తవ్యాన్ని నెరవేర్చుటకు యజమానికి తోడ్పడును.